బోర్లా పడుకున్న గంట

మూడు దాటినట్టుంది. వార్డు గోడమీది గడియారం హుమేరాకు కనిపించదు, తల ఎత్తకూడదు. నిన్న కుడి కంటికి ఆపరేషన్ చేసిన డాక్టర్ పొద్దున కట్టు విప్పి చూశాడు. కంట్లో గ్యాస్ నింపామమ్మా, ఆ బుడగ పైకి తేలి వెనక ఊడిన పొరను కంటి గోడకు నొక్కి పట్టాలంటే నువ్వు వారం రోజులు ముఖం నేలవైపే ఉంచాలి, తిండికీ మందుకూ తప్ప లేవద్దు అన్నాడు. జగిత్యాలలోని ఈ ఆసుపత్రి వాళ్లు అందుకోసమే ఒక మంచానికి తలవైపున ముఖం పట్టేంత రంధ్రం కోయించి పెట్టారు. ముప్పై తొమ్మిదేళ్ల హుమేరా ఆ రంధ్రంలో ముఖం పెట్టి, చేతులు రెండు పక్కలా వేలాడేసి నేలను చూస్తోంది. నేల అంటే నేల కాదు. ఎడమ కంటికి మైనస్ పదహారు, అద్దాలు తీసి పక్కన పెట్టారు, కాబట్టి అంతా తెల్లటి మసక. ఆ మసకలోంచి అప్పుడప్పుడు ఎవరివో కాళ్లు రంగు మరకల్లా జరిగిపోతాయి. కుడి కంట్లో అయితే కాళ్లు కూడా లేవు, కుండలో నీళ్లు కదిలినట్టు ఒక వణుకు మాత్రం ఉంది. నాలుగు లోపల రావాలి నాహీద్, కూతురిని తీసుకుని. నాలుగు లోపల వస్తేనే పిల్ల కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా అరగంట ఆగి, డాక్టర్‌కు చూపించగలరు. ఆయన హైదరాబాదు నుంచి వారానికి రెండు రోజులే వస్తాడు, ఐదింటికి కారెక్కి వెళ్లిపోతాడు. నాహీద్ ఫోన్లో వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. "సూస్త" అంది, పెట్టేసింది. ఆ ఒక్క మాటను పొద్దుటినుంచి ఎన్ని రకాలుగా తిప్పి చూసిందో. సూస్త. రెండేళ్లుగా గడప తొక్కని ఆడబిడ్డకు తమ్ముడి భార్య చెప్పే సూస్తకు అర్థం ఏముంటుంది.

"అవ్వా, ఎవరన్న అచ్చిండ్రా?" అని అడిగింది పక్క మంచం మీది సత్యవ్వను. మల్యాల నుంచి శుక్లాల ఆపరేషన్‌కు వచ్చిన ముసలమ్మ ఆమె.

"లేదు బిడ్డా. నాకున్నది ఒక్క కన్నే, గది గూడ తలుపు మీదనే ఏసి కూసున్న."

వాన పడుతోంది. కిటికీ రేకు మీద చప్పుడు. వానకు సిరిసిల్ల బస్సు ఆలస్యమవుతుంది, వేములవాడలో మరీ ఆగుతుంది. ఆలస్యమైతే పిల్లను వచ్చే వారం చూపించవచ్చు కదా, వారంలో ఏమవుతుంది అని మనసులో ఎవరో అన్నారు. అన్నది తనే అని తెలిసింది. వారంలో ఏమవుతుందో తనకు తెలిసినంతగా ఈ వార్డులో ఎవరికీ తెలియదు. కోరుట్లలో రవీందర్ అద్దాల దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా పని. చదువు ఇంటర్, పరీక్ష చేయడం చూసి నేర్చుకున్నది. ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దపు బిళ్ల మార్చుతూ ఇదా మంచిగున్నది, గిదా అని అడగడం. చిన్నప్పుడు తననూ తమ్ముడు ఫరూఖ్‌నూ అదే దుకాణంలో కూర్చోబెట్టి రవీందర్ తండ్రి అలాగే అడిగేవాడు. ఇద్దరికీ పుట్టుకతోనే దగ్గరచూపు, ఇద్దరికీ సీసా అడుగుల్లాంటి అద్దాలు, బడిలో ఇద్దరికీ ఒకటే పేరు, సోడాబుడ్డి. బడి విడిచాక ఫరూఖ్ ముందు పరుగెత్తి, గోడ మలుపులో దాక్కుని, అక్కను పిలిచి, ఆపా, నేను ఎక్కడున్ననో చెప్పు అనేవాడు. ఆమెకు కనిపించేది కాదు. ఆ గొంతు వచ్చిన వైపు చేతులు చాపుతూ నడిచేది. ఆ గొంతు ఇప్పటికీ వస్తుంది, అంట్లు తోముతున్నప్పుడు, బస్సు కోసం నిల్చున్నప్పుడు, నిన్న ఆపరేషన్ బల్ల మీద కూడా. కన్ను చుట్టూ మొద్దుబారే మందు ఇచ్చారు కాని మెలకువగానే ఉంచారు. కంటి లోపల ఒక సన్నని పుల్ల నీడ నీళ్లలో కదిలినట్టు కదులుతూ కనిపించింది. బయటిది కాదు, లోపలిది, తన కంట్లోనే. డాక్టర్ ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. ఇది ఫరూఖ్ రెండుసార్లు చూశాడు కదా అనిపించింది. హైదరాబాదులో రెండుసార్లు వాడు ఈ పుల్లనే చూస్తూ పడుకుని ఉంటాడు. రెండుసార్లూ పొర నిలవలేదు. చాలా ఆలస్యంగా తెచ్చారన్నారు. వాడి ఎడమ కన్ను చిన్ననాటి నుంచే సరిగా పనిచేసేది కాదు, ఉన్నదల్లా ఆ కుడి కన్నే.

ఎవరో వార్డులో మెల్లగా నడుస్తున్నారు. ముందు వేళ్లు ఆనించి, నేల ఉందని తేల్చుకుని, ఆ తర్వాత మడమ మోపే నడక. వాడి నడక అది. చూపు పోయాక సిరిసిల్లలో ఆ రెండు గదుల ఇంట్లో వాడు అలాగే నడిచేవాడు. తను వెళ్లింది మూడుసార్లే. వెళ్లిన ప్రతిసారీ వాడు గోడ పట్టుకుని ఎదురొచ్చి, ఆపా వచ్చినవా, ఛాయ్ తాగుతవా అనేవాడు, కొత్త అద్దాలు ముక్కు మీద అలాగే ఉండేవి. తను చేసిచ్చిన అద్దాలు. వాటిలోంచి ఏమీ కనిపించకపోయినా తీసేవాడు కాదు. అడుగులు తన మంచం పక్కనుంచి సాగి బాత్‌రూం వైపు వెళ్లాయి. ఎవరో కంటి రోగి. ఇక్కడ అందరూ అలాగే నడుస్తారు కదా.

జూన్ నెల అది, నాలుగేళ్ల కింద. బడులు తెరిచిన వారం. దుకాణం నిండా పిల్లలు, వాళ్ల తల్లులు, బెంచీ చాలక మెట్ల మీద కూడా. ఫరూఖ్ చందుర్తి మీదుగా వచ్చే బస్సు దిగి నేరుగా దుకాణానికి వచ్చాడు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పని వాడిది, అక్కడ వాటిని సాంచాలు అంటారు. ఒంటి మీద ఇంకా నూలు పోగులు అంటుకునే ఉన్నాయి. అందరూ విన్నా వినకపోయినా ఆమె విన్నది, ప్రతి మాటా విన్నది.

"ఆపా, కుడి కంట్ల మెరుపులు అస్తున్నయ్. కాకరపువ్వొత్తులు అంటిచ్చినట్టు. నల్లగ పోగులు గూడ తేలుతున్నయ్. సాంచ మీద పోగు తెగిందేమోనని రెండుసార్లు బంద్ చేసిన, సూస్తే తెగలేదు."

ఆ ఏడే జనవరిలో కోరుట్లకు ఒక కంటి డాక్టర్ వచ్చి అద్దాల దుకాణాల వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. మైనస్ ఆరు దాటినవాళ్లకు కంటి గుడ్డు పొడుగ్గా సాగి వెనక పొర పలచబడుతుంది, వాళ్లు మెరుపులు అన్నా, నల్లటి పోగులన్నా అద్దం మార్చకండి, ఆ రోజే పెద్దాసుపత్రికి పంపండి. తను ముందు వరుసలో కూర్చుని విన్నది, తల కూడా ఊపింది. తెలియక చేసిన పని అయితే ఎంత బాగుండేది. అమ్మీ జులేఖాబీ నమాజులో అందరి కోసం దువా చేస్తుంది, తెలియక చేసిన తప్పులు మాఫ్ చెయ్యమని. తనకు ఆ దువాలో చోటు లేదు. పిల్లాడొకడు బెంచీ మీదినుంచి జారి ఏడుస్తున్నాడు, ఎవరో తల్లి మాది ఎప్పుడైతదని అరుస్తోంది, రవీందర్ లోపలినుంచి పిలుస్తున్నాడు. ఆమె తమ్ముడి ముక్కు మీద ఫ్రేము పెట్టింది, బిళ్ల మార్చింది, నంబర్ పెరిగిందిరా, అందుకే గట్లయితుంది, కొత్త అద్దం ఏసుకుంటె పోతది అంది. వాడు నమ్మాడు. చిన్నప్పటినుంచి తను చెప్పింది నమ్మేవాడే. సాయంత్రానికి అద్దాలు పెట్టుకుని అద్దంలో చూసుకుని, మంచిగనే కొడుతున్నయ్ ఆపా అని నవ్వి బస్సెక్కాడు. మూడు వారాలకు ఒక పొద్దున కంటికి కిందినుంచి నల్లటి తెర లేచింది. ఆ తెర మళ్లీ దిగలేదు.

"బిడ్డా, నిద్రవోయినవా?"

"లేదవ్వా."

"ఇంక రాలే ఎవ్వలు."

చూపు పోయాక రెండేళ్లు బతికాడు. సాయంత్రాలు కూతురు ముబీన చెయ్యి పట్టుకుని మానేరు ఒడ్డుకు వెళ్లి గాలికి కూర్చునేవాడు. రెండేళ్ల కింద వానాకాలంలో ఒకరోజు పిల్ల ట్యూషన్ నుంచి రాకముందే ఒక్కడే వెళ్లాడు. వాగు నిండుగా ఉంది. మర్నాడు పొద్దున చాలా కిందికి దొరికాడు. కాలు జారింది అన్నారు అందరూ. అద్దాలు మాత్రం ఒడ్డున రాయి మీద, కొమ్మలు మడిచి పెట్టి ఉన్నాయి. కాలు జారేవాడు అద్దాలు మడిచి పెట్టడు అని ఆమె అనుకుంటుంది. ముఖం కడుక్కోవడానికి వంగేవాడు మడిచి పెడతాడు కదా అని మళ్లీ అనుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఎన్ని రోజులు తిరిగిందో. నలభయ్యో రోజు ఫాతెహాకు వెళ్లి వచ్చాక మళ్లీ సిరిసిల్ల పోలేదు. నాహీద్ ముఖం చూడలేక. నాహీద్ అనుకుని ఉంటుంది, తమ్ముడు పోయాక తమ్ముడి పెళ్లాం పిల్లలతో ఏం పని అనుకున్నదని. అనుకోనీ. ఆ కోపం, నిజం తెలిస్తే వచ్చే కోపం కన్నా చిన్నది.

పోయిన నెల ఒకనాడు దుకాణంలో ఎవరో పెద్దాయనకు పరీక్ష చేస్తుంటే తన కుడి కంటి మూలన ఒక మెరుపు మెరిసింది. తల తిప్పితే మళ్లీ మెరిసింది. ఆమె చేతిలో బిళ్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంతా తెలుసు. ఏ మెరుపో తెలుసు, దాని తర్వాత ఏమొస్తుందో తెలుసు, ఎన్ని రోజుల్లో ఎక్కడికి పోవాలో తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నల్లటి పోగులు వచ్చాయి. వాడు చెప్పినట్టే, తెగిన పోగుల్లాగే. మూడో రోజు, నాలుగో రోజు. రాత్రి పడుకుని కన్ను అటూ ఇటూ తిప్పి చీకట్లో ఆ మెరుపులు చూసుకునేది, వాడు చూసింది చూస్తున్నట్టు, వాడి పక్కన కూర్చున్నట్టు. పదకొండు రోజులు అలా గడిపింది. చావాలనుకోలేదు, గుడ్డిదాన్ని కావాలనీ అనుకోలేదు, నోరు మాత్రం తెరవలేదు. పన్నెండో రోజు ఛాయ్ కప్పులో కాకుండా దాని పక్కన పోస్తుంటే అమ్మీ చూసింది. చూసి, చేతిలోని తస్బీ పూసల దండ పడేసి, ఫరూఖ్ పోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చింది. ఒక్కడిని తీసుకున్నవు చాలదా అని పైకి చూసి ఏడ్చింది. అప్పుడు హుమేరా పక్కింటి కళ్యాణిని తోడు తీసుకుని ఇక్కడికి వచ్చింది. డాక్టర్ కంట్లోకి వెలుగు వేసి చాలాసేపు చూసి, అద్దాల దుకాణంలో పనిచేస్తూ నీకు తెలియదా అమ్మా అన్నాడు. ఆయనే మళ్లీ, ఇది ఇళ్లలో వరసగా వస్తుంది, మీ ఇంట్లో ఇంకెవరికైనా పెద్ద నంబర్ ఉందా అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది ముబీన. పదకొండేళ్లకే మైనస్ తొమ్మిది. తను పదకొండు రోజులు వాడి పక్కన కూర్చున్నాననుకుంది కాని, పిల్ల అక్కడ ఒక్కతే ఉంది.

"అగో, అచ్చిండ్రు!" అంది సత్యవ్వ. "నల్ల బుర్ఖా, ఒక ఆడిపిల్ల. గా పిల్లకు అద్దాలున్నయ్ బిడ్డా, నీ లెక్కనే."

తడిసిన చెప్పుల చప్పుడు. రంధ్రం కింద నేల మీద ఒక నీలం మరక కదిలింది, వంగింది, పడుకుంది. పిల్ల మంచం కిందికి దూరి వెల్లకిలా పడుకుని పైకి చూస్తోంది. ముఖం తెలియడం లేదు, రెండు గుండ్రటి అద్దాల మెరుపు మాత్రం తెలుస్తోంది.

"ఫుప్పూ, నీకు గిట్ల నొస్తలేదా?" అని మేనత్తను అడిగింది.

"లేదు బేటా. నీ కండ్ల మెరుపులు గిట్ల అస్తయా? నల్లగ ఏమన్న తేలుతయా?"

పిల్ల కాసేపు ఆలోచించింది. "రావు" అంది. మళ్లీ, "రానే రావు" అంది. రాకున్నా చూపించాలె, రాకముందే చూపించాలె అని హుమేరా గొంతెత్తి నర్సు భాగ్యను పిలిచింది. భాగ్య వచ్చి నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువని చెప్పి, పిల్లను బయటి బెంచీకి తీసుకెళ్లి చుక్కలు వేసింది. నాహీద్ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. గంభీరావుపేటలో తెలుగు బడిలో చదివిన మనిషి, కోపం వచ్చినా దుఃఖం వచ్చినా ఉర్దూ వదిలి తెలుగులోకి వస్తుంది. ఇప్పుడు తెలుగులోనే మాట్లాడింది.

"వానకు బస్సు ఆగింది. లేకుంటే మూడింటికే వస్తుంటిమి."

హుమేరా అనుకోలేదు చెబుతానని. నేలవైపు ముఖం పెట్టి ఉన్నందువల్ల చెప్పగలిగిందేమో. ఎదురుగా ఎవరూ లేరు, మసక నేల ఒక్కటే ఉంది. జూన్ నెల, బెంచీ నిండా పిల్లలు, వాడి ఒంటి మీద నూలు, కాకరపువ్వొత్తులు, తెగని పోగులు, జనవరిలో డాక్టర్ చెప్పింది, తను తల ఊపింది, తను బిళ్ల మార్చింది. ఎక్కడా ఆగకుండా చెప్పింది. చివర, తెలిసే ఇంటికి పంపిన వాన్ని, నాహీద్, తెలువక గాదు అంది.

వాన చప్పుడు ఉంది. నాహీద్ గొంతు, ఎక్కడో గోడ అవతలినుంచి వచ్చినట్టు.

"మరి ఆయన నాకు ఏరే చెప్పిండు."

"ఏం చెప్పిండు?"

"ఆపా దవాఖానకు ఎంటనే పొమ్మన్నది, నేనే పోలేదన్నడు. సాంచాలు బంద్ పెట్టుడు ఎందుకని పోలేదన్నడు." స్టూలు కిర్రుమంది. "నేను గది నమ్మిన. నమ్మి రెండేండ్లు తిట్టిన ఆపా. రోజు తిట్టిన. నీ అక్క చెప్పినా ఇనకపోతివి, నీ కండ్లు నువ్వే తీసుకుంటివి, మమ్మల్ని ఆగం జేస్తివి అని. గా సాయంత్రం గూడ గదే అన్న. ఇంట్ల ఉప్పు లేకుండె. గదే తిట్టిన. ఇని, ఏం అనకుంట బయటికి పోయిండు."

వాడు అబద్ధం చెప్పాడు. చిన్నప్పటినుంచి అబద్ధం చెప్పడం రానివాడు, దొంగతనంగా బెల్లం తిన్నా మూతి తుడుచుకోవడం తెలియనివాడు, తన కోసం ఒక్క అబద్ధం చెప్పి, దాని కింద రెండేళ్లు కూర్చుని, పెళ్లాం తిట్లన్నీ తలొంచుకుని విన్నాడు. ఒక్కసారైనా ఆపా పేరు చెప్పి ఉంటే ఆ తిట్లు తనకు వచ్చేవి. చెప్పలేదు. తను వెళ్లినప్పుడు ఛాయ్ తాగుతవా అన్నాడు. తను తన తప్పును ఇన్నాళ్లూ ఒంటరిగా మోస్తున్నాననుకుంది. ఇప్పుడు దాన్ని నాహీద్ మీద కూడా పెట్టింది. చెప్పకుండా ఉంటే నాహీద్‌కు చచ్చిన మొగుడి మీద కోపమైనా మిగిలేది, కోపం ఉన్నన్ని రోజులు మనిషి నిలబడగలదు. ఇప్పుడు ఆమె ఏం పట్టుకుని నిలబడాలి.

"ఎందుకు చెప్పినవ్ ఆపా?" అంది నాహీద్. ఏడుపు లేదు ఆ గొంతులో. "ఇగ నేను ఎవలిని తిట్టాలె?"

"నన్ను తిట్టు."

భాగ్య వచ్చి పిల్ల కన్ను రెడీ అయింది, తల్లి రావాలని పిలిచింది. స్టూలు వెనక్కి జరిగింది. చెప్పుల చప్పుడు వెళ్లిపోయింది. ఇక తిరిగి రాదని హుమేరా అనుకుంది. పిల్లను చూపించుకుని అటునుంచి అటే బస్టాండుకు పోతుంది, పోవాల్సిందే. రంధ్రంలోంచి ఒక చుక్క నేల మీద పడింది. కుడి కంటిదో ఎడమ కంటిదో తెలియలేదు. ఏడవద్దని చెప్పారు కదా, ఏడిస్తే పొర ఊడుతుందో ఏమో. ఆ మాట డాక్టర్ చెప్పాడా, తనే అనుకుంటోందా. సత్యవ్వ అంతా విన్నట్టుంది. లేచి మెల్లగా వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, తిరిగి తన మంచం మీదికి పోయింది. లోపల డాక్టర్ పిల్ల కంట్లోకి వెలుగు వేస్తుంటాడు. పైకి చూడు, కిందికి చూడు, ముక్కు దిక్కు చూడు. కనిపించకూడదు, ఏమీ కనిపించకూడదు. వాడిలో ఉన్నది, తనలో ఉన్నది, ఆ పిల్లలో ఉండకూడదు. పావుగంట అయింది. అరగంట అయిందేమో. ఏమీ లేకపోతే ఇంతసేపు పట్టదు. తనకు ఆ సంగతి కూడా తెలుసు, తెలియకపోతే బాగుండేది.

చివరికి డాక్టరే వార్డులోకి వచ్చాడు, వెళ్లిపోయే తొందరలో. మంచం పక్కన ఆగి చెప్పాడు. పిల్ల ఎడమ కంటి వెనక పొరలో అంచున చిన్న రంధ్రం ఉందమ్మా, ఇంకా ఊడలేదు, నొప్పీ మెరుపూ ఏమీ లేకుండానే ఉంది, దాని చుట్టూ లేజర్‌తో కట్ట వేసేశాను, కుడి కన్ను బాగుంది. ఆరు వారాలకు ఒకసారి, తర్వాత ఆర్నెల్లకోసారి చూపించాలి, మర్చిపోవద్దు. ఆయన వెళ్లాక కూడా హుమేరా ఆ మాటలు ఒక్కొక్కటే మళ్లీ వింటూ ఉంది. ఇంకా ఊడలేదు. కట్ట వేసేశాను.

"మందు టైం అయింది. ఈమె తాలూకు ఎవరు?" అని భాగ్య అడిగింది.

కళ్యాణి ఇంకా రాలేదు. ఎవరూ లేరని హుమేరా చెప్పబోయింది.

"నేనే" అంది నాహీద్.

ఆమె ఎప్పుడు వచ్చి నిలబడిందో. భాగ్య రెండు సీసాలూ ఆమె చేతికి ఇచ్చి, ముందు ఇది, ఐదు నిమిషాలు ఆగి అది అని చెప్పి పోయింది. నాహీద్ హుమేరాను భుజాలు పట్టి లేపి కూర్చోబెట్టింది, గడ్డం కింద చెయ్యి పెట్టి తల వెనక్కి వంచింది. అద్దాలు లేని ఎడమ కంటికి జానెడు దూరం కూడా మసకే. నాహీద్ వంగి వంగి, ఊపిరి చెంపకు తగిలేంత దగ్గరికి వచ్చినప్పుడు, ఆ ముఖం ఉన్నట్టుండి స్పష్టంగా కనిపించింది. కింది రెప్ప వెంట్రుకలు తడిసి అతుక్కుపోయి ఉన్నాయి. నుదుటి దగ్గర రెండేళ్ల కింద లేని తెల్ల వెంట్రుకలు. కింది పెదవి మీద పంటిగాటు, లోపల ఏడవకుండా కొరుక్కున్నట్టుంది.

"నేను నిన్ను మాఫ్ జెయ్యలే ఆపా" అంది ఆ పెదవి. "జేస్తనో లేదో నాకు తెల్వది. గది ఏరే ముచ్చట."

"ఊఁ."

"ఆరు వారాలకు పిల్లను నువ్వే తీస్కరావాలె. నాకు గీ డాక్టర్ మాటలు సమజ్ గావు. నీకు తెలుసు గదా."

"తెలుసు."

"అయితే కదలకు. కన్ను మూయకు."

చల్లటి చుక్క పడింది. మంట పుట్టింది. హుమేరా కన్ను మూయలేదు. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగాలి. నాహీద్ ముఖం తిప్పుకుని గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది, గడ్డం కింద చెయ్యి మాత్రం తీయలేదు.